టిక్కుమంది, తిరగలేదు

పోయిన నెల మా రూమ్మేట్ బైక్ మొరాయించింది. సెల్ఫ్ బటన్ నొక్కితే సీటు కింద ‘టిక్’ అని ఒక్క శబ్దం, అంతే. కిక్ లేని బండి. చుట్టూ చేరిన నలుగురు బీటెక్ మేధావులం "బ్యాటరీ పోయింది మామా" అని తీర్పు ఇచ్చేశాం. వాడు ఇంటికి ఫోన్ చేసి, డబ్బులు వేయించుకుని, కొత్త బ్యాటరీ పెట్టించాడు. నొక్కితే మళ్లీ ‘టిక్’.

చివరికి షెడ్డుకి తోసుకెళ్లాం. మెకానిక్ అన్న మల్టీమీటర్ తీసి రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "బ్యాటరీ మంచిదే, రిలే పోయింది తమ్ముడూ."

ఆ రిలే ఏంటో తెలుసా? మనం పరీక్షల్లో బొమ్మ గీసి మార్కులు కొట్టే సోలెనాయిడే! కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే అది అయస్కాంతమై ప్లంజర్‌ని లాగుతుంది. ప్లంజర్ మీది రాగి పలక రెండు లావు టెర్మినళ్లని కలుపుతుంది. అప్పుడు మోటార్‌కి పదుల ఆంపియర్లు పోతాయి. అంత కరెంటు బొటనవేలి కింది బటన్ తట్టుకోలేదు కాబట్టే ఈ ఏర్పాటు. ట్రాక్టర్‌లోనూ, గ్రౌండ్‌లో కూర్చుని నడిపే గడ్డికోత మిషన్‌లోనూ ఇదే సూత్రం. కలిసిన ప్రతిసారీ నిప్పురవ్వలు లేచి రాగి మెల్లగా కాలిపోతుంది. ప్లంజర్ కదులుతుంది, శబ్దం వస్తుంది, కరెంటు మాత్రం దాటదు.

అన్న చేసిన పరీక్ష మన ల్యాబ్ ప్రయోగాల కంటే తేలిక. ముందు బ్యాటరీ చూశాడు: 12.6 వోల్టులు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, రిలే లావు టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టి బటన్ నొక్కమన్నాడు. కాంటాక్టులు బాగుంటే రీడింగ్ దాదాపు సున్నాకి రావాలి. ‘టిక్’ వచ్చాక కూడా 12 దగ్గరే ఉంది. అదీ రుజువు. అసలు ‘టిక్కే’ రాకపోతే ఫ్యూజు, బటన్, క్లచ్ స్విచ్, కాయిల్ చూడాలి. ‘టిక్‌టిక్‌టిక్’ అని వరసగా కొట్టుకుంటే అప్పుడు బ్యాటరీని, దాని టెర్మినళ్లని అనుమానించాలి.

స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్లూ కలిపి చూద్దామని నేను ఉత్సాహపడితే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. పైన పెట్రోల్ ట్యాంకు, మధ్యలో నిప్పురవ్వలు. గేర్‌లో ఉంటే బండి ఎగిరి మీదికొస్తుంది కూడా. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కొత్త రిలే బిగించి, ఆ నెగటివ్‌నే చివర్లో పెట్టాడు. పదిహేను నిమిషాల పని.

"రిపేర్లు మెకానిక్ చూసుకుంటాడు, మనం డిజైన్ చేసేవాళ్లం కదా" అంటారు కొందరు. సరే, కానీ ఏది ఎలా పాడవుతుందో తెలియనివాడు గట్టిగా ఉండేది ఎలా డిజైన్ చేస్తాడు? మనకి లోటు చదువులో లేదు, అడిగే పద్ధతిలో ఉంది. ల్యాబ్‌లో అన్నీ పనిచేసే పరికరాలే ఇస్తారు, రావాల్సిన రీడింగ్ సీనియర్ల రికార్డులో ముందే ఉంటుంది. ఎక్కడ తప్పుందో వెతికే అవసరమే మనకి రాదు.

అందుకే నా కోరిక ఒక్కటే: ప్రతి సెమిస్టర్‌లో ఒక్క ల్యాబైనా చెడిపోయిన వస్తువుతో పెట్టండి. ఏం పోయిందో కొలిచి చెప్పినవాడికే మార్కులు. ఆ పాత రిలే ఇప్పుడు మా టేబుల్ మీదే ఉంది. మొదటి ప్రయోగానికి మేమే ఇస్తాం. దాని పక్కనే పాత బ్యాటరీ కూడా ఉంది, నిక్షేపంగా. దాని సంగతి వాడింకా వాళ్ల నాన్నకి చెప్పలేదు.