దగ్గుకు విరేచనాల మందు

2022 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల షాంఘై నగరానికి తాళం పడింది. కూరగాయలూ పాలూ దొరక్క జనం ఇళ్లలో అల్లాడుతున్న రోజుల్లో, ఎవరూ అడక్కుండానే గడప గడపకూ చేరిన సరుకు ఒకటుంది. అది ల్యెన్‌హువా చింగ్‌వెన్ అనే మందు పెట్టె. సార్స్ జబ్బు వచ్చినప్పుడు, 2003లో, ఒక చైనా కంపెనీ తయారుచేసిన క్యాప్సూల్ ఇది. అందులో పదమూడు దినుసులు. వాటిలో ఒకటి రూబార్బ్ వేరు, మన మూలికల అంగళ్లలో అడిగితే రేవల్చిన్ని. శతాబ్దాలుగా దాన్ని ఎరిగినవాళ్లందరూ వాడింది ముఖ్యంగా ఒక్క పనికే: విరేచనం కావడానికి.

కోవిడ్‌తో ఊపిరాడని మనిషికి విరేచనాల మందు ఎందుకు?

తయారీదారుల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. చైనా సంప్రదాయ వైద్యంలో ఊపిరితిత్తులకూ పెద్దపేగుకూ రెండువేల ఏళ్ల కిందటే వియ్యం కుదిరింది. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే అయిదు తత్వాల్లో రెండూ లోహం వంతుకు వచ్చాయి. తెలుపు రంగు, శరదృతువు, కారం రుచి, దుఃఖం, ముక్కు, చర్మం, ఒంటి మీది రోమాలు కూడా ఈ ఇంటివే. ఊపిరితిత్తులు ‘చి’ అనే ప్రాణశక్తిని కిందికి దించుతాయట. ఆ దింపుడు ఊపుతోనే పెద్దపేగు మలాన్ని బయటికి నెడుతుందట. పేగు పూడుకుపోతే చి దిగే దారిలేక ఎగదన్నుతుంది, దగ్గూ ఆయాసమూ పుడతాయి. కాబట్టి కింద తలుపు తెరిస్తే పైన గాలి ఆడుతుంది. వినడానికి ఎంత నున్నగా ఉందో!

ఈ నున్నదనం ఎక్కడిదో తెలియాలంటే ‘హ్వాంగ్‌ది నైజింగ్’ అనే ప్రాచీన గ్రంథం తెరవాలి. చైనాలో సామ్రాజ్యం కొత్తగా స్థిరపడిన కాలంలో కూర్చిన గ్రంథం అది. అందులో మనిషి కడుపు నిండా ప్రభుత్వమే ఉంటుంది. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం సేనాపతి, జీర్ణాశయం ధాన్యాగారం అధికారి, పెద్దపేగు రవాణా అధికారి. దేహంలో చి పారే నాళాలు పన్నెండు, ఎందుకంటే దేశంలో చెప్పుకోదగ్గ నదులు పన్నెండు. కీలక బిందువులు 365, ఏడాదికి ఉన్న రోజులన్ని. నదుల పటాన్నీ పంచాంగాన్నీ రాజుగారి కొలువు పట్టికనూ కలిపి దేహం మీద పరిచారన్నమాట. ఆనాటికి అది తెలివితక్కువ పనేమీ కాదు. గ్రీకులు నాలుగు ద్రవాలతోనూ, మనవాళ్లు వాత పిత్త కఫాలతోనూ చేసింది కూడా ఇటువంటిదే.

అయితే ఆ లెక్క శరీరాన్ని చూసి కట్టింది కాదనడానికి మట్టిలోనే సాక్ష్యం దొరికింది. 1973లో చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ సమాధుల్లో ఒకదానిలో పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. వాటిలో నాళాలు పన్నెండు కావు, పదకొండే. సూది గుచ్చే బిందువుల ఊసే లేదు, అవయవాల జోడీలు ఇంకా కుదరలేదు. తర్వాతి గ్రంథాల్లో ఆరు అవయవాలకు ఆరింటిని జతకట్టాల్సి వచ్చేసరికి గుండె పైపొరకు కూడా విడిగా అవయవం హోదా దక్కింది.

అవయవాలకు గంటలు కూడా పంచేశారు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా ఊపిరితిత్తుల వేళ, అయిదు నుంచి ఏడు దాకా పెద్దపేగు వేళ. ఈ ‘అవయవాల గడియారం’ ఇప్పుడు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది, బ్రాహ్మీ ముహూర్తానికి చైనా సాక్ష్యంగా! ఇందులో పరిశీలన బొత్తిగా లేదనలేం. ఉబ్బసం తెల్లవారుజామున ఎక్కువవుతుంది, నిద్ర లేవగానే పెద్దపేగు కదలిక పెరుగుతుంది. హార్మోన్లూ నిద్రా మెలకువల లయా దానికి కారణం. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడి పేగు కూడా కొన్నాళ్లకు అతని నిద్రవేళలకే సర్దుకోజూస్తుంది. పైగా 1949 నుంచి చైనా దేశమంతటికీ బీజింగ్ సమయం ఒక్కటే. పశ్చిమాన కాష్‌గర్‌లో గోడ గడియారం అయిదు కొట్టేసరికి సూర్యుడి లెక్కన ఇంకా రెండు దాటిందంతే. అక్కడి పెద్దపేగు ఎవరి గంట వినాలో గడియారం పటాలు అమ్మేవాళ్లు చెప్పరు.

దేహం మీద పరిచిన ఆ పటాన్ని అనుమానించినవాడొకడు పాశ్చాత్యుడేమీ కాదు, చైనా వైద్యుడే. వాంగ్ చింగ్‌రెన్ (1768-1831) సంప్రదాయ వైద్యంలోనే పెరిగినవాడు. 1797లో లువాన్‌జౌ ప్రాంతంలో పిల్లలకు అంటురోగం సోకి వందల ప్రాణాలు పోయాయి. పేదలు శవాలను చాపల్లో చుట్టి పైపైన పూడ్చేవారు. కుక్కలు తింటే తర్వాతి బిడ్డ బతుకుతుందని అక్కడి నమ్మకం. గుర్రం మీద ఆ దారిన పోతూ వాంగ్ మొదట ముక్కు మూసుకున్నాడు. తర్వాత గుర్రం దిగి, పది రోజులపాటు రోజూ పొద్దున్నే వెళ్లి, కుక్కలు చీల్చిన శవాల్లో మిగిలిన అవయవాలను ఒక్కొక్కటే గ్రంథాల్లోని బొమ్మలతో పోల్చి చూశాడు. దాదాపు ముప్పై శవాలు చూశాక అతనికి తేలింది, బొమ్మలు తప్పు! ఊపిరితిత్తుల అడుగున చి బయటికి పోవడానికి ఇరవై నాలుగు రంధ్రాలు ఉంటాయని గ్రంథం చెప్పింది. అక్కడ ఒక్క రంధ్రం కూడా లేదు. విభాజక పటలం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర) అన్ని శవాల్లోనూ చినిగిపోవడంతో దాని సంగతి నిర్ధారణగా తెలుసుకోవడానికి అతనికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ తర్వాతే, 1830లో, వైద్యగ్రంథాల తప్పులను దిద్దుతూ పుస్తకం వేశాడు.

అతనూ తప్పు చేశాడు. శవాల్లో ధమనులు ఖాళీగా కనిపించేసరికి వాటిలో ప్రవహించేది గాలి అనుకున్నాడు. కానీ ఆ తప్పు వేరే జాతిది. చూసి చేసిన తప్పును మరోసారి చూసి దిద్దుకోవచ్చు. దుఃఖం లోహానికి చెందుతుందన్న మాటను ఏ శవాన్ని కోసి దిద్దాలి?

పేగు గురించిన నమ్మకాలతో రాజ్యవ్యవహారాలు కూడా ఎంత దూరం పోతాయో చూడండి. నల్లమందు వ్యాపారాన్ని అరికట్టడానికి క్యాంటన్ రేవుకు వెళ్లిన చైనా అధికారి లిన్ జెషూ సమర్థుడు, నిజాయితీపరుడు. 1839లో విక్టోరియా రాణికి రాసిన లేఖలో, తేయాకూ రూబార్బూ లేకుండా విదేశీయులకు ఒక్కరోజు గడవదని హెచ్చరించాడు. అవి ఆగితే పరదేశీయులు మలబద్ధకంతో చస్తారన్న నమ్మకం ఆనాటి చైనా అధికారుల్లో గట్టిగా ఉండేది. ఇంగ్లండ్‌లో ఎవరికీ పేగు పూడుకుపోలేదు. యుద్ధనౌకలు మాత్రం వచ్చాయి.

ఇక సూదుల కథ. 1971లో బీజింగ్‌లో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు అపెండిసైటిస్ వచ్చింది. అపెండిక్స్ అంటే పెద్దపేగుకు అంటుకుని వేలాడే తోకే. సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేశారని అమెరికాలో పుకారు లేచింది, ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. రెస్టన్ స్వయంగా రాసిన వ్యాసంలో అలా లేదు. మామూలు మత్తు ఇంజక్షన్లిచ్చి మామూలుగానే కోసి తీశారు. ఆ తర్వాత రెండో రాత్రి పొట్ట ఉబ్బరించినప్పుడు మోచేతికీ మోకాళ్ల కిందా సూదులు గుచ్చి, మూలిక కాల్చి పొట్టకు వేడి చూపించారు. ఉబ్బరం తగ్గింది. పొట్ట కోశాక రెండు మూడు రోజుల్లో గాలి దానంతటది కదలడం ఏ సర్జన్‌ని అడిగినా చెప్పే సంగతే. 2007లో జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగుల మీద జరిగిన పరీక్షలో, గ్రంథం చెప్పిన బిందువుల్లో సూదులు వేయించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవాళ్లలో అది 44.2 శాతం. మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 27.4 శాతమే. అంటే గుచ్చే తతంగానికి ఏదో బలం ఉంది, ఎక్కడ గుచ్చాలో చెప్పే పటానికి లేదు.

రెస్టన్‌కు ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి రాక్‌ఫెల్లర్ సంస్థ డబ్బుతో వెలసిన పాత పెకింగ్ యూనియన్ వైద్య కళాశాలది. మాహ్వాంగ్ అనే పాత ఉబ్బసం మూలికలోని ఎఫిడ్రిన్ ఒంట్లో అడ్రినలిన్‌లా పనిచేస్తుందని కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ 1924లో నిరూపించింది ఆ కళాశాలలోనే. ల్యెన్‌హువా పెట్టెలోనూ మాహ్వాంగ్ ఉంది. దాని పనికి లోహం, శరదృతువు అవసరం పడలేదు, ఒక అణువు చాలింది.

ఇప్పుడు సమర్థకుల కొత్త వాదన పేగుకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉందని ఆధునిక శాస్త్రమే ఒప్పుకుందని. పేగుల్లోని బాక్టీరియా పీచుపదార్థాన్ని పులియబెట్టి వదిలే ఆమ్లాలు రోగనిరోధక కణాల మీద పనిచేస్తాయి, ఆ ప్రభావం ఊపిరితిత్తుల్లోనూ కనిపిస్తుంది, నిజమే. అదే బాక్టీరియా ప్రభావం మెదడు మీద, కాలేయం మీద కూడా ఉందని అంటున్నది అదే శాస్త్రం. వాటికి పటంలో వేరే వియ్యంకులున్నారు మరి! పిండదశలో రెండూ ఒకేచోట పుట్టాయన్న మాటా నిలవదు. ఊపిరితిత్తులు ముందు పేగు నుంచి మొలుస్తాయి, పెద్దపేగు మధ్య, వెనక పేగుల నుంచి ఏర్పడుతుంది.

ఊపిరితిత్తుల వేడిని చల్లార్చి దగ్గు తగ్గిస్తుందని తరతరాలుగా ఇచ్చిన కాయ ఒకటి ఉంది, మాదోలింగ్. అరిస్టలోకియా జాతి తీగది. మన పల్లెల్లో పాముకాటుకు నూరిపోసే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు మింగిన దాదాపు వందమంది స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాక గానీ ఈ సంగతి లోకం దృష్టికి గట్టిగా రాలేదు. వాళ్లకిచ్చిన పొడిలో ఒక మూలిక బదులు ఈ జాతి మూలిక కలిసింది. అయిదు తత్వాల వరసలో లోహం నీటికి తల్లి, అంటే ఊపిరితిత్తులు మూత్రపిండాలకు తల్లి. తల్లి జబ్బుకిచ్చే మందు బిడ్డను చంపుతోందని ఇన్ని వందల ఏళ్లలో నాడి పట్టిన ఏ చేతికీ అందలేదు. 2020లో చైనా అధికారిక ఔషధ సంహిత మాదోలింగ్‌ను తొలగించింది.