పొద్దటి బువ్వ, బేగం బజారు ప్యాకెట్టు

ఈ నెల గోడ పత్రికలో పాటలు, పొడుపు కథలు చాలా వచ్చినయి. నేను మాత్రం తిండి గురించి రాస్తున్నాను. అది కూడా మన తిండి గురించి కాదు. మన మూడు, నాలుగు తరగతుల చెల్లెండ్లు, ఇంటి కాడ వాళ్ళ కన్నా చిన్న పిల్లలు పొద్దున్నే ఏం తింటున్నరు అనే దాని గురించి. నా అభిప్రాయం ముందే చెప్తాను. చిన్నపిల్లల పొద్దటి తిండి, గింజలు లేక పోతలేదు. పక్కన కూర్చుని తినిపించే మనిషి లేక పోతున్నది. ఆ మనిషి జాగాలో 5 రూపాయల ప్యాకెట్టు వచ్చి కూర్చున్నది.

ముందు గంటల లెక్క చూడండి. మనకు రాత్రి అన్నం 7 గంటలకు. పొద్దున టిఫిను 8 గంటలకు. నడుమ 13 గంటలు. తొమ్మిదో తరగతి వాళ్ళం కాబట్టి మనం తట్టుకుంటాం. ఒక పూట తక్కువ తింటే మధ్యాహ్నం రెండుసార్లు పెట్టించుకుంటాం. చిన్నపిల్లల పొట్ట చిన్నది, ఒక్కసారే ఎక్కువ పట్టదు. అందుకే వాళ్ళకు కొంచెం కొంచెం, ఎక్కువసార్లు పెట్టాలని మా సైన్సు టీచరు చెప్పారు. పొద్దున పోయిన పూటను వాళ్ళు మధ్యాహ్నం తిరిగి తెచ్చుకోలేరు.

8 గంటలకు మన లైను ఎట్లుంటదో అందరికీ తెలుసు. ముందు పెద్దవాళ్ళం ఉంటాం. ప్లేట్లు పట్టుకొని చిన్నవాళ్ళు తోక చివర నిలబడతరు. వాళ్ళ వంతు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతది. ఉప్మా వేడిగా పొగలు కక్కుతుంటది. వాళ్ళు ఊదుకుంటూ నాలుగు ముద్దలు తినే లోపల ప్రేయర్ బెల్లు కొడతరు. సగం ప్లేటు తొట్లో పోతది. ఆ తొట్టిని ఒక్కరోజు చూడండి. వంటమ్మలు తెల్లవారుజామున లేచి వండినది ఎంత పోతున్నదో కనబడతది. వాళ్ళు తినరు అని మనం అంటాం. తినరు కాదు, తినే టైము వాళ్ళకు లేదు.

ఇంటి కాడ ఇంకో తీరు. మా నల్లమల పెంటల్లో పొద్దున ఆరింటికే అమ్మలు అడవికో, ఉపాధి పనికో పోతరు. పిల్లలు లేచేసరికి పొయ్యి ఆరిపోయి ఉంటది. ఇంట్లో ఉన్న ముసలమ్మ చాయ పోసి, రెండు బిస్కెట్లు ముంచి ఇస్తది. లేదంటే పిల్లవాని చేతిలో 5 రూపాయలు పెట్టి దుకాణానికి పంపుతది. మా తమ్మునికి నాలుగేండ్లు. ఉగాదికి అంగన్‌వాడీ టీచరు తూకం వేస్తే 12 కిలోలు ఉన్నడు. బడి తెరిచే ముందు మళ్ళీ తూకం వేస్తే 12 కిలోల 100 గ్రాములు. నాలుగేండ్ల మగపిల్లవానికి నడిమి బరువు 16 కిలోల పైన. 12 కిలోల 700 గ్రాముల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు కింద లెక్క. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు, అంగన్‌వాడీ చార్టు మీద గీతలు వీటి నుంచే గీస్తరు. మా తమ్ముడు రోజంతా ఏదో ఒకటి నములుతనే ఉంటడు. నములుతున్నడు కదా, కడుపు నిండింది అని ఇంట్లో అందరూ అనుకుంటరు.

ఇది మా ఇంటి ముచ్చట ఒక్కటే కాదు. 2019 నుంచి 2021 దాకా చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లలు నూటికి 32 మంది తక్కువ బరువు ఉన్నరు. అంతకు ముందు, 2015-16 సర్వేలో 28 మంది ఉండె. తగ్గాల్సింది పెరిగింది. ఇంకో అంకె చూసి నేను ఆశ్చర్యపోయాను. అవే సర్వేల్లో వయసుకు మించి లావు ఉన్న పిల్లలు కూడా పెరిగినరు. నూటికి ఒక్కరు కూడా లేని చోట 3 మందికి పైగా అయినరు. బక్కపిల్లలు, బొద్దుపిల్లలు ఇద్దరూ ఒకేసారి ఎట్ల పెరుగుతరు? దీనికి కారణాలు చాలా ఉంటయి. ఒకటి మాత్రం నేను కండ్లారా చూసిన.

మా మేనమామ మా మండలంలో ఒక కిరాణా దుకాణం బండి మీద హమాలీ పని చేస్తడు. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు నన్ను కూడా తోలుకపోయినడు. శ్రీశైలం రోడ్డు మీదుగా హైదరాబాదుకు పోయినం. అఫ్జల్‌గంజ్ దాటితే బేగం బజారు. నిజాం అలీ ఖాన్ భార్య హందా బేగం వ్యాపారస్తులకు ఇచ్చిన జాగా కాబట్టి ఆ పేరు వచ్చిందంటరు. అక్కడ స్టీలు బిందెలు, ఇత్తడి గంగాళాలు, కాజు, కిస్మిస్, మిరియాలు, ఎండుమిర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వరుస. నడవడానికి సందు ఉండదు. చేతిబండి వాళ్ళు అరుస్తుంటే మనమే గోడకు అంటుకోవాలి.

మామ లోడు ఎత్తిన దుకాణంలో అట్టపెట్టెలు మిద్దె దాకా పేర్చి ఉన్నయి. గొట్టాలు, రింగులు, చిప్స్, క్రీము బిస్కెట్లు, లాలీపాపులు. మా ఊరి దుకాణం ముందు దండల్లా వేలాడేవి అన్నీ ఇక్కడినుంచే వస్తున్నయని అప్పుడు తెలిసింది. పెట్టె చాలా పెద్దది, మామ మాత్రం రెండు పెట్టెలు ఒక్క భుజం మీద పెట్టుకొని పోయినడు. సగం గాలే బిడ్డా అన్నడు.

గల్లా కాడ సేటు మనుమడు కూర్చుని ఉన్నడు, ఆరేడేండ్లు ఉంటయి. బొద్దుగా, ఆయాసపడుతూ ఉన్నడు. పదకొండు అయింది. ఇంట్లో నాష్తా తినకుండా వచ్చిండంట, ఆకలి అన్నడు. వాళ్ళ తాత ఒక ప్యాకెట్టు చింపి చేతికిచ్చినడు. అది అయిపోతే ఇంకోటి ఇచ్చినడు. నేను వెక్కిరించడానికి రాయలేదు. మా తమ్ముని చేతిలో ఉండేది కూడా అదే రంగు ప్యాకెట్టు. ఒకరికి ఒక్కటి దొరుకుతది, దాంతో ఆకలి చస్తది, మళ్ళీ బువ్వ తినడు, బక్కచిక్కుతడు. ఇంకొకరికి ఎన్నంటే అన్ని దొరుకుతయి, ఇంట్లో అన్నం కూడా ఉంటది, లావెక్కుతడు. నూనె, ఉప్పు, మైదా, చక్కెర ఇద్దరి కడుపులోకీ పోతున్నయి. ఇద్దరూ పొద్దున ఇంటి తిండి తినలేదు.

ఆ దుకాణానికి కొంచెం దూరంలోనే గింజల బస్తాలు కూడా చూసిన. రాగులు, జొన్నలు, అటుకులు, పల్లీలు, శనగపప్పు, బెల్లం దిమ్మెలు. అదే బజారు, అదే బండి పోతది. అయినా మా బండిలోకి రాగుల బస్తా ఒక్కటి ఎక్కలేదు. ఎందుకని మామను అడిగిన. ఊర్లో అడిగేటోళ్ళు లేరు అన్నడు. దుకాణదారు చెడ్డోడు కాదు. అడిగినది తెస్తడు. 5 రూపాయలు పట్టుకొని వచ్చే పిల్లవాడు రాగులు అడగడు కదా.

100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటది. పాలిషు పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. ఇవి హైదరాబాదులో తార్నాక కాడ ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికల లెక్కలు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. తిండిని తూచి చెప్పే అంత పెద్ద సంస్థ ఉన్న పట్నం నుంచే మనకు గొట్టాల పెట్టెలు వస్తున్నయి.

మా అవ్వ కాలంలో అందరూ గట్క తిని ఇనుములెక్క ఉన్నరు అని కొంతమంది రాస్తరు. నేను అట్ల రాయను. అప్పుడు కూడా పిల్లలు పస్తులున్నరు. మా అవ్వకు ఇద్దరు పిల్లలు జ్వరాలకు పోయినరు. కాని గట్క తినాలంటే ఎవరో ఒకరు కూర్చుని కలిపి, చల్లార్చి, నోట్లో పెట్టాలె. ప్యాకెట్టుకు ఆ పని లేదు. పిల్లవాడే చింపుకుంటడు. మన పెద్దవాళ్ళకు పని తప్పుతది కాబట్టే అది గెలిచింది. చాయ సంగతి కూడా ఇదే. వేడిగా తాగితే కాసేపు ఆకలి తెలియదు, బలం ఏమీ రాదు, పైగా తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. అంగన్‌వాడీలో మూడేండ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం గోధుమలు, శనగపప్పు, పాలపొడితో చేసినదే. ఇంట్లో పెద్దపిల్లలం అందరం గుప్పెడు గుప్పెడు బుక్కుతం. ఎవరికి ఇచ్చినరో వాళ్ళకు మిగలదు.

పొద్దటి తిండి ముఖ్యం అని సర్కార్లకు కూడా తెలుసు. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న మధురైలో ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు బడిలోనే టిఫిను మొదలుపెట్టినరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి 21 నుంచి వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ పోసినరు. మన దగ్గర 2023 అక్టోబరు 6న సర్కారు బడుల్లో అల్పాహారం పథకం మొదలైంది. హాస్టళ్ళకు 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెంచినరు. మూడు నుంచి ఏడో తరగతి దాకా నెలకు 950 ఉన్నది 1330 అయింది, మనకు 1100 ఉన్నది 1540 అయింది. అంటే ఒక మూడో తరగతి చెల్లె తిండికి రోజుకు 44 రూపాయలు. ఎక్కువ కాదు, ఒప్పుకుంటాను. అందుకనే ఆ 44 రూపాయల్లోంచి పొద్దటి పూట తొట్లో పడితే నాకు కోపం వస్తది.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. ఆరో తరగతిలో ఒక చెల్లెను అందరూ "డ్రమ్ము" అని పిలుస్తున్నరు. ఆమె సన్నబడాలని నెల రోజులుగా టిఫిను మానేసింది. పదకొండు గంటలకు కళ్ళు తిరిగి, ఆదివారం వాళ్ళ నాయన తెచ్చిన సంచిలోంచి బిస్కెట్లు దొంగచాటుగా తింటున్నది. ఇట్ల సన్నబడతారా? మూడో తరగతిలో ఇంకొకామెను "ఎండుపుల్ల" అంటరు. ఆమె తూకం మిషను ఎక్కమంటే ఏడుస్తది. ఈ పేర్లు మనం పెట్టినవే. పేరు పిలవడం ఆపితే టిఫిను లైనులోకి ఇద్దరూ వస్తరు.

వార్డెన్ మేడం గారికి నా విన్నపం ఇది. మూడు, నాలుగు, అయిదు తరగతుల వాళ్ళకు ఏడున్నరకే టిఫిను పెట్టించండి. వాళ్ళు అయిపోయినాకనే మా లైను మొదలుపెట్టండి, మేము ఆగుతాం. నెలనెలా మొదటి ఆదివారం బరువు, ఎత్తు రాయించండి. కాని అందరి ముందు గట్టిగా చదవొద్దు, ఎవరి కార్డు వాళ్ళకు ఇవ్వండి. ఆదివారం అమ్మానాయనలు వచ్చినప్పుడు ప్యాకెట్లు వద్దు, పల్లీలు, బెల్లం, జామకాయలు తెమ్మని గేటు కాడనే చెప్పండి. మీరు చెప్తే వింటరు, మేము చెప్తే మా నోరు మూయిస్తరు.

చిన్నోళ్ళ పక్కన కూర్చునే పని మాది. ఒక్కొక్కరు ఆరుగురిని చూసుకోవాలి. ఉప్మా చల్లార్చి ఇవ్వాలి, ప్లేటు ఖాళీ అయ్యేదాకా లేవనియ్యొద్దు, కొట్టొద్దు. వంటమ్మను అడిగినం, ఏడున్నరకు అయితది అన్నది. తొమ్మిదో తరగతి నుంచి నలుగురం పేర్లు ఇచ్చినం. చిన్నోళ్ళు మొత్తం 34 మంది, కాబట్టి ఇంకా ఇద్దరు కావాలి. సోమవారం లోపల స్టోర్ రూము తలుపు మీది కాగితంలో పేరు రాయండి. పెన్సిలు అక్కడే దారంతో కట్టి ఉంది.