ఇంజను సంగతి ‘సార్’కే చెప్పాలా?

కారు నడిపే ఆడవాళ్లు ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లల ట్యూషన్లకి, బజారుకి, ఆస్పత్రికి స్టీరింగు పట్టుకుని వెళ్తూనే ఉన్నాం. బానెట్ ఎత్తేసరికి మాత్రం మనం పక్కకి జరగాలి. ‘‘సార్‌ని పంపించండమ్మా, ఆయనకి చెప్తాం’’ అంటారు. సార్‌కి ఇంజను గురించి మనకంటే ఎక్కువ తెలుసునని వాళ్లకి ఎవరు చెప్పారో!

కిందటి వర్షాకాలంలో మా కారు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. పొద్దున్నే ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. గ్యారేజీలో కంప్యూటరు తగిలించి చూసి, ‘‘క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ పోయింది’’ అని కొత్తది వేశారు. మూడో రోజుకి లైటు మళ్లీ వెలిగింది. ఈసారి ‘‘టైమింగ్ చైను మార్చాలి, ఇంజను విప్పాలి. సార్‌ని కనుక్కుని చెప్పండి’’ అన్నారు.

నేను సార్‌ని కనుక్కోలేదు. ఇంకో మెకానిక్ దగ్గరకి వెళ్లాను. ఆయన మల్టీమీటరుతో సెన్సర్‌కి వెళ్లే వైర్లు ఒక్కొక్కటే పరీక్షించాడు. ఎలుక కొరికి సగం తెగిన వైరు బయటపడింది. జాయింటు వేసి, పైన గొట్టం తొడిగాడు. లైటు మళ్లీ రాలేదు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంజనులోకి గాలి వచ్చే, పొగ బయటికి పోయే వాల్వులను తెరిచే కడ్డీయే క్యామ్‌షాఫ్ట్. కింద క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరగాలి. ఆ రెంటినీ చైనో బెల్టో కలుపుతుంది. క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో సెన్సర్ కంప్యూటరుకి చెబుతుంది. ఇప్పటి చాలా కార్లలో వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు కూడా ఉంది. అది చాలావరకు ఇంజను ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది.

కుక్కర్ విజిల్ రాకపోతే కొత్త కుక్కర్ కొంటామా? గాస్కెట్ చూస్తాం, వెయిట్ చూస్తాం, నీళ్లున్నాయో లేదో చూస్తాం. ఇదీ అంతే. ‘పి0340’ అనే కోడ్ వస్తే ఆ సెన్సర్ సర్క్యూట్ నుంచి సరైన కబురు రావడం లేదని అర్థం. సెన్సరే పాడైందని కాదు. తప్పు వైరులో ఉండొచ్చు, ప్లగ్గులో ఉండొచ్చు. ‘పి0011’ వస్తే టైమింగ్ ఉండాల్సినదానికంటే ముందుకి జరిగిందని. అప్పుడు మొదట చూడాల్సింది ఆయిల్. తగ్గిందా, మడ్డి కట్టిందా, కంపెనీ చెప్పిన గ్రేడేనా? ఆ తర్వాత ఆయిల్ కంట్రోల్ వాల్వు. దాంట్లో మురికి ఇరుక్కోవడం మామూలే. అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే చైను జోలికి వెళ్లాలి. చవకైనదాంతో మొదలుపెట్టి ఖరీదైనదాని వైపు నడవడమే న్యాయం.

మెకానిక్కులందరూ మోసగాళ్లని నేననను. చైను సాగిన కార్లూ ఉంటాయి. అయితే వెతకడం కంటే పార్టు మార్చడం తేలిక. పైగా పార్టుకి వేలు ఇచ్చేవాళ్లే గంటసేపు వెతికిన పనికి రెండొందలు అడిగితే గొణుగుతారు. వెతకడం కూడా పనే. దానికి కూలి ఇవ్వాల్సిందే.

ఇక మనం అడగాల్సినవి నాలుగు. కోడ్ నంబరు ఎంత? దాన్ని నిర్ధారించడానికి ఏం పరీక్ష చేశారు? తీసేసిన పాత పార్టు ఏది? బిల్లు ఏది? కోడ్ చెరిపేసి లైటు ఆర్పడం రిపేరు కాదని కూడా గుర్తుంచుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. గొడవ వస్తే 1915కి ఫోన్ చేయొచ్చు.

ఒక జాగ్రత్త. పసుపు లైటు నిలకడగా వెలిగితే మెల్లగా గ్యారేజీకి వెళ్లొచ్చు. అది మిణుకుమిణుకుమంటున్నా, ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటు వచ్చినా వెంటనే పక్కకి ఆపేయాలి.

అమ్మాయిలకి డ్రైవింగ్ నేర్పించి లైసెన్సు ఇప్పిస్తున్నాం, సంతోషం. దాంతోపాటే బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడడం కూడా నేర్పిద్దాం. నాలుగు ప్రశ్నలు అడగగలిగిన మనిషిని ‘‘సార్‌ని పంపించండి’’ అనడం అంత తేలిక కాదు.