గడియారం కంటె ముందు నడిచే దీవులు

భారతదేశమంతటికీ కాలమానం ఒక్కటే. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ చేరువగా పోయే రేఖాంశాన్ని ఆధారం చేసుకొని ఆ కాలాన్ని నిర్ణయించారు. అండమాన్ దీవులు ఆ రేఖకు సుమారు పది డిగ్రీలు తూర్పుగా, మన తీరం కంటె బర్మా తీరానికి దగ్గరగా ఉన్నాయి. అందువల్ల అక్కడి సూర్యుడు గడియారం కంటె నలభై నిమిషాలు ముందే నడుస్తాడు. డిసెంబరు నెలలో ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది. సాయంకాలం ఐదింటికి చీకటి పడడం మొదలవుతుంది. సెలవులు కదా అని ఎనిమిదింటికి నిద్రలేచి, స్నానాలూ ఫలహారాలూ ముగించుకొని పది గంటలకు బస నుంచి కదిలే కుటుంబానికి ఆ రోజు పగటివేళలో దాదాపు సగం చేజారినట్లే.

పిల్లలతో, పెద్దలతో అండమాన్ వెళ్ళేవారి యాత్ర సుఖంగా సాగడమూ సాగకపోవడమూ చూసిన స్థలాల సంఖ్య మీద ఆధారపడి ఉండదు. సూర్యుడూ, సముద్రపు ఆటుపోట్లూ, వాటికి లోబడి తిరిగే పడవలూ అక్కడ దినచర్యను శాసిస్తాయి. ఐదు రోజులలో పదిహేను స్థలాలు చూపిస్తామని పట్టిక చేత పెట్టే ఏర్పాట్లు వీటిలో ఏ ఒక్కదానినీ లెక్కలోకి తీసుకోవు. ఆ పట్టికలో సగం కొట్టివేసి, మిగిలిన సగానికి రెట్టింపు సమయం కేటాయించే గృహస్థు తెలివైనవాడు.

అండమాన్, నికోబార్ దీవులు ఎనిమిది వందల పైచిలుకు. జనావాసం ఉన్నవి నలభైకి మించవు. వాటిలోనూ విహారయాత్రికులు చూడగలిగేవి కొన్నే. నికోబార్ దీవులకు సాధారణ యాత్రికులకు ప్రవేశం లేదు. చెన్నై, కలకత్తా నగరాల నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త పైగా పడుతుంది. ఓడలో అయితే రెండు మూడు రోజులు. విశాఖపట్నం నుంచి కూడ ఓడ ఉన్నది గాని అది అరుదుగా బయలుదేరుతుంది. సముద్రం మీద రెండు రాత్రులు గడపడం పిల్లలకు ఎంత వేడుకో, కడుపులో తిప్పే వారికి అంత శిక్ష. రానూ పోనూ ఓడ మీదనే వెళ్ళాలనుకునేవారు ఆ నెల ప్రయాణాల పట్టిక చూసుకొన్న తరువాతనే సెలవు పెట్టుకోవాలి.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. హావ్‌లాక్, నీల్ దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. రాస్ దీవి అదే సంవత్సరం నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమైంది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని నామకరణం జరిగింది. స్థానికుల నోట పాత పేర్లు ఇంకా పోలేదు. టికెట్టు మీద ఒక పేరు, ఆటోవాని నోట మరొక పేరు వినిపించినప్పుడు కంగారు పడనవసరం లేదు. ఆ ఆటోవాడు తెలుగువాడే అయినా ఆశ్చర్యం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి చేపల వేటకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం.

మొదటి రోజు పట్టణానికే కేటాయించడం మంచిది. సెల్యులార్ జైలును చూడకుండా తిరిగివచ్చేవారు లేరు. కాని చాలమంది సాయంకాలపు ధ్వని-కాంతి ప్రదర్శనకు మాత్రమే వెళ్ళి చూశామనుకుంటారు. పగటివేళ రెండు గంటలు అక్కడ గడపకపోతే అది జైలని తెలుస్తుందే తప్ప ఎటువంటి జైలో తెలియదు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఈ కట్టడానికి మధ్య గోపురం నుంచి బండి చక్రపు ఆకులవలె ఏడు శాఖలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు. దాదాపు ఏడు వందల గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఖైదీ. ఒక శాఖలోని గదుల తలుపులు తరువాతి శాఖ వెనుకగోడను చూస్తుంటాయి. ఎదుటి మనిషి ముఖం కనబడకూడదన్నదే నిర్మాణంలోని రహస్యం. ఇది పిల్లలకు మాటలలో చెబితే అర్థం కాదు. ఒక గదిలో నిలబెట్టి, అక్కడి నుంచి ఏమి కనబడుతున్నదో చెప్పమంటే క్షణంలో అర్థమవుతుంది.

గోపురంలోని పాలరాతి ఫలకాల మీద ఖైదీల పేర్లు రాష్ట్రాలవారీగా చెక్కి ఉన్నాయి. బెంగాలు, పంజాబు వీరుల పేర్ల బారు పొడవైనది. తెలుగు పేర్లు వెతుక్కునే వారికి నిరాశ కలగదు. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వారిలో కొందరికి ఈ ద్వీపాంతరవాసమే ప్రాప్తించింది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడ ఇక్కడికే వచ్చారు. 1933లో జరిగిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహిత్ మొయిత్రా, మోహన్ కిశోర్ నమదాస్ ప్రాణాలు కోల్పోయారు. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయ్ ఈ జైలును జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ధ్వని-కాంతి ప్రదర్శన హిందీ, ఇంగ్లీషు భాషలలో ఉంటుంది గనుక ఆ భాషలు సరిగా రాని తాతమ్మలకూ పిల్లలకూ కథను పగలే చెప్పి ఉంచితే ఆ గంటసేపూ వారు నిద్రపోకుండా చూస్తారు. జైలుకూ, పట్టణంలోని ముఖ్యమైన ప్రదర్శనశాలలకూ సోమవారం సెలవు. ఆదివారం రాత్రి దిగేవారు ఈ సంగతి ముందే గుర్తించాలి.

జైలుకు ఎదురుగా, పడవలో కొద్ది నిమిషాల దూరంలో రాస్ దీవి. ఒకప్పుడు ఆంగ్లేయుల పాలన సాగినది ఇక్కడి నుంచే. ఇప్పుడు ప్రార్థనామందిరపు గోడలనూ, దొరల నివాసాలనూ మర్రిజాతి వేళ్ళు పెనవేసుకొని ఉన్నాయి. జింకలు ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంటాయి. ఒక పూట చాలు.

హావ్‌లాక్‌కు పడవ ప్రయాణం ప్రయివేటు నౌకలలో గంటన్నర, ప్రభుత్వ నౌకలలో రెండున్నర గంటలు. సముద్రం అలజడిగా ఉన్నప్పుడు పడవలు నిలిపివేస్తారు. బతిమాలినా, డబ్బు ఎక్కువ ఇస్తామన్నా కదలవు. 2016 డిసెంబరులో వాయుగుండం కారణంగా వందలాది యాత్రికులు హావ్‌లాక్, నీల్ దీవులలో కొన్ని రోజులు చిక్కుకుపోగా, నౌకాదళం వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. కనుక తిరుగు విమానానికి ముందురోజు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే గడపాలి. వీలైతే అంతకు ముందు మరొక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మే నెల రెండవ సగం నుంచి నైరుతి వానలు మొదలవుతాయి. వేసవి సెలవులను నమ్ముకొని బయలుదేరే ఆంధ్ర కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే.

రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమైనదిగా పేర్కొన్నది. పడమటి ముఖంగా ఉన్న తీరం గనుక సూర్యాస్తమయం కోసం జనం మూగుతారు. ఐదింటి అస్తమయానికి నాలుగు దాటాక చేరేవారికి నీటిలో దిగే వ్యవధి ఉండదు. ఉదయం వెళ్ళి ఈదులాడి, సాయంకాలం ఒడ్డున కూర్చోవడమే సరి. చీకటి పడ్డాక నీటి దరికి పోరాదు. ఈ దీవులలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో రాధానగర్ చేరువలో నీటిలో ఉన్న ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి పొట్టన పెట్టుకున్నది. ఇటువంటివి అరుదు. అయినా వాగులు సముద్రంలో కలిసే చోట్లా, మడ అడవుల పక్కనా స్నానం చేయవద్దని బోర్డు ఉంటే, అక్కడ దిగిన స్థానికుడు ఎవరైనా ఉన్నాడా అని ఒకసారి చూడడం మేలు. ఎలిఫెంట్ బీచ్ అన్న పేరు విని ఏనుగులు కనబడతాయని పిల్లలకు ఆశ పెట్టకూడదు. కలప లాగడానికి తెచ్చిన ఏనుగులలో సముద్రంలో ఈదుతూ లోకప్రసిద్ధి పొందిన రాజన్ 2016లో మరణించింది.

నీల్ దీవిలో రాతివంతెన వంటి సహజ శిల ఒకటి ఉన్నది. అక్కడికి వెళ్ళడానికి ఆటు సమయమే అనుకూలం. పోటు మీద దారి మునుగుతుంది, రాళ్ళు జారుతాయి. ఆటుపోట్ల వేళలను బస దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. కాని వాటిలో కొంత రహస్యం మన ఇళ్ళలో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులోనే ఉన్నది. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపట్ల సముద్రం బాగా పైకి వచ్చి బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా స్వల్పం. ఒక రోజు ఆటు ఏ వేళకు వచ్చిందో తెలిస్తే మరునాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందని లెక్క వేయవచ్చు. ఈ చిన్న గణితం పదేళ్ళ పిల్లవానికి అప్పగిస్తే ఆ వారమంతా కుటుంబానికి దారి చూపేవాడు వాడే అవుతాడు.

పోర్ట్ బ్లెయిర్‌కు నైరుతిగా వండూరు ఉన్నది. అక్కడ 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం నుంచి జాలీబాయ్ దీవికి పడవలు వెళతాయి. అది ఏడాది పొడవునా తెరచి ఉండదు. మూసి ఉంచిన నెలలలో రెడ్‌స్కిన్ అనే మరొక దీవిని చూపిస్తారు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను అక్కడికి తీసుకుపోనివ్వరు. సంచులు వెదికి చూస్తారు గనుక మంచినీళ్ళకు స్టీలు సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

గాజు అడుగు పడవలో నుంచి కనబడే పగడపు గుట్టలు రాళ్ళు కావు. ఆవగింజంతటి జీవులు తరతరాలుగా కట్టుకొన్న ఊళ్ళు అవి. నవరత్నాలలోని పగడం వేరు; అది ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చే ఎర్రని జాతి. ఈ గుట్టలు కట్టే జీవులకు రంగునూ ఆహారాన్నీ ఇచ్చేది వాటి దేహంలో నివసించే సూక్ష్మమైన నాచు. సముద్రజలం మామూలు వేసవి వేడిమి కంటె ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే ఆ నాచు వెడలిపోతుంది. పగడం తెల్లబారి, తేరుకోలేకపోతే చనిపోతుంది. అండమాన్‌లో 1998లోనూ 2010లోనూ అదే జరిగింది. అప్పటి నుంచి కోలుకుంటున్న గుట్ట మీద ఈతగాడు అలసి ఒక్క నిమిషం కాలు మోపి నిలబడితే ఎన్నో ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. ఈత రాని పిల్లలకు తేలే చొక్కా తొడిగించి, కాళ్ళు కింద ఆనించకుండా ఉండడం బస సమీపంలోని మెరక నీటిలో ముందురోజే అభ్యాసం చేయించాలి.

ఇక బారాటాంగ్. సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవుల మధ్య పడవ విహారం అని పట్టికలలో దీనికి పెద్దపీట వేస్తారు. వంద కిలోమీటర్ల దూరం. చేరాలంటే తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేచి, జరావా జాతి వారి అడవి గుండా పోయే రోడ్డు మీద వాహనాల బారులో పోలీసు కాపలాతో వెళ్ళాలి. ఆ బారు నడిమధ్యలో ఆగదు, ఆగకూడదు. జరావాలు కొన్ని వందల మంది మాత్రమే. 1990ల చివరి వరకు బయటివారికి దూరంగా ఉన్న ఈ జనంలో 1999లో తట్టు వ్యాపించింది. మన పిల్లలకు టీకాతో తప్పే జబ్బు వారికి ప్రాణాంతకం కాగలదు. 2012 జనవరిలో ఆహారం ఆశచూపి జరావా స్త్రీల చేత నృత్యం చేయించిన దృశ్యాలు పత్రికలకెక్కి దేశమంతటా నిరసన చెలరేగింది. ఈ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. 2013 జనవరిలో యాత్రికుల రాకపోకలను ఆపింది. మార్చిలో ఆ నిషేధం సడలింది. రోడ్డు ఇప్పటికీ నడుస్తున్నది.

వారిని ఫొటో తీయడం, తినుబండారాలు విసరడం నేరాలు. జైలు శిక్ష తప్పదు. కాని నేరం చేయకుండా వెళ్ళినా, కిటికీ అద్దానికి ముఖాలు ఆనించి మనుషులను వెదికే ప్రయాణం పిల్లలకు ఏమి నేర్పుతుందో తలిదండ్రులు ఆలోచించుకోవాలి. బొర్రా గుహలు చూసినవారికి బారాటాంగ్ గుహలు చిన్నవిగా కనబడతాయి. మడ అడవులలో పడవ విహారం కాకినాడ దగ్గరి కోరంగిలోనూ ఉన్నది. చిన్నపిల్లలున్న కుటుంబం ఈ ఒక్క పేరును పట్టికలో నుంచి తీసివేస్తే ఒక రోజు మిగులుతుంది. ఆ రోజును పడవలు ఆగిపోతే అక్కరకు వచ్చే ఖాళీ దినంగా ఉంచుకోవచ్చు, లేదా చిడియాటాపులో పక్షులను చూస్తూ గడపవచ్చు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక పని ఉన్నది. తీరాలలో ఏరుకొన్న గవ్వలూ, పగడపు ముక్కలూ వెంట తీసుకువెళ్ళడం నిషేధం. విమానాశ్రయంలో సామాను తనిఖీలో బయటపడితే చిక్కులు తప్పవు. గవ్వలతో చేసిన వస్తువులు కావలసినవారు ప్రభుత్వ విక్రయశాల సాగరికలో రసీదుతో కొనుక్కోవచ్చు. పిల్లల నిక్కరు జేబులనూ, బొమ్మల బకెట్టునూ చివరిసారి సముద్రపుటొడ్డున ఉన్నప్పుడే ఇసుకలో బోర్లించి రావాలి.