మట్టి దాచలేనిది మనం దాచాలి



ఇటలీ దేశంలో ఆల్ప్స్ కొండల నడుమ ట్రెంటో అనే పట్టణం ఉంది. అక్కడ 1819లో మొదలైన పాత నాటకశాల ఒకటి ఉంది. 1990లలో దాన్ని బాగుచేద్దామని తవ్వితే కింద ఒక ఊరే బయటపడింది! అది రోమన్ల కాలం నాటి త్రిదెంతుమ్ పట్టణం. రాళ్లు పరిచిన వీధి, కోటగోడ, ఇళ్లు, రంగురాళ్లు పొదిగిన నేల, బావి, గాజు పని చేసిన చోటు కనిపించాయి. వాళ్లు దాన్ని పూడ్చెయ్యలేదు. సుమారు 1,700 చదరపు మీటర్ల చోటు అట్లాగే ఉంచి మ్యూజియం చేశారు. పైన నాటకాలు, కింద పాత ఊరు. ఆ ఊరు ఎట్లా ఉండేదో వీడియో బొమ్మలతో కూడా చూపిస్తారు.

ఇది చాలా మంచి పని. కానీ నాకొక ప్రశ్న వచ్చింది. పట్టణం చుట్టూ కొండల్లో ఉన్నవాళ్ల సంగతి ఏంటి?

ఆ కొండల్లో అనౌనీ అనే జనం ఉండేవాళ్లు. వాళ్లు రోమన్ పౌరులు అవునా కాదా అని తగాదా వచ్చింది. వాళ్లు పట్టణం వాళ్లతో కలిసిపోయారు, విడదీస్తే పట్టణానికే నష్టం, కాబట్టి పౌరులే అని క్రీ.శ. 46లో క్లాడియస్ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు. ఆ కంచు రేకు 1869లో క్లెస్ అనే ఊళ్లో దొరికింది. అది దొరికింది కాబట్టి మనకు తెలిసింది. దొరక్కపోతే?

మనమూ కొండవాళ్లమే గదా. మన ఇళ్లు వెదురు, మట్టి, తాటాకు. వదిలేస్తే కొన్ని వానలకే మట్టిలో కలిసిపోతాయి. సొరకాయ బుర్ర చెదలు తింటుంది. రేల పాట గాలిలో పోతుంది. వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా తవ్వి, ఏమీ దొరకలేదు, ఇక్కడ ఎవరూ లేరు అంటే అది అబద్ధం కాదా?

పాటలకు మార్కులు రావు, పరీక్షలకు చదువుకోండి అని కొందరంటారు. చదవాలి, నిజమే. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మా అవ్వకు రాయడం రాదు. ఆమెకు వచ్చిన పాటలు నాకు రావు. ఇద్దరం కలిస్తేనే ఆ పాట నిలుస్తుంది. నేను చదువుకున్నది ఇందుకు కూడా పనికి రావాలి.

అందుకని నా మాట ఇది. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక పాట, ఒక పనిముట్టు పేరు మన భాషలోనే అడిగి రాసుకొని వద్దాం. ఆదివారం మనల్ని చూడటానికి వచ్చే పెద్దవాళ్ల గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికి వార్డెన్ గారు ఒక గంట అనుమతి ఇవ్వాలి. పెద్దవాళ్లను ముందు అడగాలి. వాళ్లు వద్దన్న పాట తీయకూడదు. ఇంటి భాష మాట్లాడితే నవ్వడం కూడా మానాలి.

రాళ్ల ఇళ్లవాళ్ల కథ రాళ్లు చెప్తాయి. మన కథ మనమే చెప్పాలి. ఇది నా అభిప్రాయం. మీరేమంటారు?

— 9వ తరగతి విద్యార్థిని