పైపైన కట్టు కట్టిన గాయాలు

ఏటా ఇంటర్ ఫలితాలు వెలువడిన మరునాడు దినపత్రికల్లో రెండు రకాల పేర్లు కనిపిస్తాయి. ఒక పేజీలో అత్యధిక మార్కులు తెచ్చుకున్నవారివి, మరో పేజీలో ప్రాణం తీసుకున్నవారివి. 2019లో తెలంగాణలో ఫలితాల గందరగోళం తరువాత 20 మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్నాము. విచారణ కమిటీ వేశారు, జవాబు పత్రాలు తిరిగి పరిశీలించారు. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 మార్కులు వచ్చాయి. మార్కులు దిద్దగలిగారు గాని పోయిన పిల్లలను ఎవరూ తేలేకపోయారు.

ఇది విద్యార్థుల సమస్య మాత్రమే కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యకు పాల్పడి మరణించినవారు 1,70,924 మంది. వారిలో విద్యార్థులు 13,044 మంది. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, రెండవది అనారోగ్యం. ఈ రెండూ కలిపితేనే సగం అవుతుంది. అంటే గాయం ఎక్కువగా తగులుతున్నది ఇంటి లోపలే. ఆ ఇళ్లలో విశ్వాసుల ఇళ్లు లేవని మనం అనగలమా?

ప్రతి ఆదివారం మన సంఘాల్లో ప్రార్థన మనవులు చదువుతారు. జ్వరం, ఆపరేషన్, ఉద్యోగం, వీసా, సంబంధం కుదరడం, ఇవన్నీ అందులో ఉంటాయి. నెలల తరబడి నిద్ర పట్టడం లేదని, భర్త తాగి వచ్చి కొడుతున్నాడని, బ్రతకాలని లేదని మాత్రం ఎవరూ చీటీ మీద రాయరు. రాస్తే ఏ మాట వినవలసి వస్తుందో వారికి తెలుసు. విశ్వాసం తగ్గిందంటారు, దాచుకున్న పాపం ఏదో ఉందంటారు, ఉపవాసముండమంటారు. సాక్ష్యాల సమయంలో జయం పొందినవారే నిలబడతారు. ఇంకా పోరాడుతున్నవారు వెనుక వరుసలో కూర్చొని మౌనంగా వెళ్లిపోతారు. కాపరి, కాపరి భార్య అయితే చెప్పుకోవడానికి ఆ వెనుక వరుస కూడా లేదు.

ప్రజల గాయాన్ని పైపైన మాన్పి, అంతా క్షేమమే అని చెప్పిన నాయకులను యిర్మీయా గద్దించాడు (6:14). ఏలీయా విషయంలో దేవుడు అలా చేయలేదు. కర్మెలు మీద అంత గొప్ప జయం పొందిన ప్రవక్త అరణ్యంలో చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దూత అతణ్ణి గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబులో దేవుడు ఒకటికి రెండుసార్లు అడిగి, అతడు చెప్పుకున్నది విన్నాడు. ఆ తరువాతే పని అప్పగించి, ఎలీషాను తోడు ఇచ్చాడు. ఏలీయా విశ్వాసం లేనివాడని మనలో ఎవరు అంటాము?

మన దేశ సంఘ చరిత్రలోనూ ఒక మాదిరి ఉంది. 1907లో భారతదేశానికి వచ్చిన సువార్తికుడు ఇ. స్టాన్లీ జోన్స్ కొన్నేళ్లకే మానసికంగా, శారీరకంగా కుప్పకూలారు. లక్నోలో ప్రార్థనలో దేవుడు తనను బాగుచేశాడని ఆయనే సాక్ష్యమిచ్చారు. అయినా అందరూ ప్రార్థనతోనే సరిపెట్టుకోవాలని ఆయన అనలేదు. 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ మానసిక చికిత్సా కేంద్రాన్ని స్థాపించారు. ప్రార్థన శక్తి ఎరిగిన మనిషే వైద్యుడి కోసం తలుపు తెరిచాడు. షుగరు మాత్ర వేసుకునే విశ్వాసిని మనం తప్పుపట్టము. కుంగుబాటుకు మందు వాడే విశ్వాసిని, డాక్టరును అడగకుండానే ఆ మందు మానేయమనడం ప్రాణాలతో ఆడుకోవడమే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంటోంది. వారికి చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. చట్టం శిక్షించడం మానుకున్నా, కొన్నిచోట్ల మనం మానలేదు. భూస్థాపనకు చోటివ్వాలా వద్దా అని మనం గుసగుసలాడుతుంటే బిడ్డను పోగొట్టుకున్న తల్లి వింటూనే ఉంటుంది.

మార్పుకు పెద్ద బడ్జెట్ అక్కరలేదు. సంఘ ప్రకటనల బోర్డు మీద టెలీ మానస్ నంబరు 14416 రాయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. విన్నది బయట చెప్పని ఇద్దరు ముగ్గురు పెద్దలను, స్త్రీల సమాజం నుండి ఇద్దరు ముగ్గురు అక్కలను ఎంచుకొని, వినడంలో శిక్షణ ఇప్పించండి. కొట్టే భర్త దగ్గరకు సహించుకొమ్మని ఎవరినీ తిరిగి పంపకండి. ఫలితాలు వచ్చే రోజున యవ్వనస్థుల నాయకులు తప్పిన పిల్లల ఇళ్లకు ముందుగా వెళ్లాలి.

మంచి సమరయుడు గాయాలకు నూనె పోసి, కట్టి, పూటకూళ్ల ఇంటివాని చేతికి అప్పగించి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. మన ఆదరణ కూడికలకు జనం బాగానే వస్తారు. ఆ ఇంటికి మరుసటి నెలలో ఎవరు వెళ్తారన్నదే ప్రతి సంఘం ఈ వారం తేల్చుకోవలసిన విషయం.