నిరీక్షణ గలవారి కన్నీళ్ళు

తెలుగు క్రైస్తవుల సమాధి రాళ్ళమీద "చనిపోయెను" అన్న మాట అరుదు. "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కిస్తారు. మరణవార్త తెలిపే కరపత్రాలలోనూ అదే వాడుక. బయటినుండి చూసేవారికి ఇది చావన్న మాటను తప్పించుకునే మర్యాదగా తోచవచ్చు. కాని ఈ వాడుక చాలా పాతది. శ్మశానాన్ని ఆంగ్లంలో సెమెటరీ అంటారు కదా, ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి "నిద్రించే చోటు" అని అర్థం. తొలినాటి క్రైస్తవులు తమవారిని పాతిపెట్టిన స్థలాన్ని ఆ పేరుతో పిలిచారు. నిద్రపోయినవాణ్ణి లేపేవాడొకడు ఉన్నాడన్నది వారి విశ్వాసం.

తెలుగు బైబిలులో ఈ విశ్వాసానికి పెట్టిన పేరు నిరీక్షణ. మామూలు తెలుగులో ఆ మాటకు ఎదురుచూపు అనే అర్థం. సంఘంలో పెరిగినవారు దానిని ఒక విధమైన ధైర్యమని, నిబ్బరమని అర్థం చేసుకుంటారు. నాకు మాత్రం మామూలు తెలుగు అర్థమే ఎక్కువ సరియైనదనిపిస్తుంది. ఎదురుచూస్తున్నామంటే రావలసినది ఇంకా రాలేదన్నమాట. కళ్ళెదుట ఉన్నదానికోసం ఎవరూ ఎదురుచూడరు. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు చెప్పినదీ ఇదే. కనుక నిరీక్షణలో లేమి ఒక భాగం. ఆ లేమికి ఏడవడం నిరీక్షణకు విరుద్ధం కాదు.

ఇంత వివరం ఎందుకంటే, మన సంఘాలలో ఇందుకు విరుద్ధమైన బోధ బలపడిపోయింది. విశ్వాసి చావుకు భయపడకూడదనీ, విశ్వాసులు శవం ముందు ఏడవకూడదనీ, ఏడిస్తే సాక్ష్యం చెడిపోతుందనీ అంటారు. ఆదరణ కూడికలో భర్తను పోగొట్టుకున్న స్త్రీని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒకరి తరువాత ఒకరు లేచి ఆమెను సంతోషించమని హెచ్చరిస్తారు. ఈ మాటలకు ఆధారంగా చూపేది థెస్సలొనీకయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక. కాని అక్కడ పౌలు దుఃఖపడవద్దని ఊరుకోలేదు. నిరీక్షణ లేనివారు దుఃఖపడే తీరున దుఃఖపడవద్దన్నాడు. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

అసలు పౌలు సంగతే చూడండి. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో తన మట్టుకు చావు లాభమేనన్నాడు. మన ప్రసంగాలన్నీ అక్కడే ఆగిపోతాయి. రెండవ అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే తోటి పనివాడి ప్రస్తావన వస్తుంది. చెరలో ఉన్న పౌలుకు సహాయం తెచ్చి, జబ్బుపడి, చావుకు దగ్గరై, కోలుకున్నాడతను. దేవుడు అతనినే కాక తననూ కనికరించాడనీ, లేకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదనీ అంటాడు పౌలు. చావు లాభమైతే ఎపఫ్రొదితుకు కూడా లాభమే కదా! మరి పౌలుకు దుఃఖమెందుకు? పోయేవాడి లాభం, ఉండిపోయేవాడి నష్టం రెండూ నిజమే గనుక. ఒకే మనిషి, ఒకే ఉత్తరంలో రెండింటినీ వ్రాయగలిగాడు. మనమే మొదటిదాన్ని ఉంచుకుని రెండవదాన్ని పారవేశాం.

స్తెఫను మొదటి హతసాక్షి. ఆకాశం తెరవబడడం చూస్తూ మరణించాడని అపొస్తలుల కార్యములు చెబుతున్నది. అంతటి మరణం తరువాత కూడా భక్తిగల మనుష్యులు అతనిని పాతిపెట్టి, అతని గురించి గట్టిగా విలపించారని అదే గ్రంథం చెబుతున్నది. వారిని ఎవరూ మందలించలేదు. లాజరును కొద్దిసేపటిలో లేపబోతున్న క్రీస్తు, లేపబోతున్నానని తెలిసి కూడా, బేతనియలో కన్నీరు కార్చాడు. ముగింపు తెలిసినవాడే ఏడిస్తే, తెలియని మనం ఏడవడానికి సిగ్గుపడడమెందుకు?

ఆస్కార్ కుల్‌మన్ అనే బైబిలు పండితుడు 1955లో హార్వర్డులో చేసిన ప్రసంగంలో రెండు మరణాలను పక్కపక్కన పెట్టి చూపాడు. ప్లేటో చిత్రించిన సోక్రటీసు శిష్యులతో తత్త్వచర్చ చేస్తూ నిమ్మళంగా విషపాత్ర అందుకున్నాడు. ఆయన దృష్టిలో శరీరం ఒక చెర, చావు విడుదల. గెత్సేమనే తోటలో యేసు కలవరపడ్డాడు, చెమటోడ్చాడు, వీలైతే ఆ పాత్రను తొలగించమని వేడుకున్నాడు. సోక్రటీసుకు చావు మిత్రుడు. క్రైస్తవానికి అది శత్రువు. ఓడించవలసిన శత్రువే గనుక పునరుత్థానం కావలసివచ్చింది. ఆత్మకు నాశం లేదు, దేహం విడిచిపోయే వస్త్రం వంటిదన్న చింతన మన నేలమీద బాగా వేళ్ళూనింది. అందులో గొప్ప శాంతి ఉన్నది, దానిని నేను చిన్నబుచ్చడం లేదు. కాని క్రైస్తవుని ఆశ వేరు. విశ్వాస ప్రమాణంలో మనం శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని చెబుతాం. ఈ దేహం, ఈ చేతులు, ఈ ముఖం దేవునికి అక్కరలేనివి కావని దాని భావం. అటువంటి విలువగల దేహం మట్టిలో కలిసిపోతుంటే కడుపు తరుక్కుపోవడం సహజం.

మార్టిన్ లూథర్ కూతురు మగ్దలేన 1542లో 13 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆమె సుఖంగా ప్రభువును చేరింది గనుక తానూ తన భార్యా కృతజ్ఞతలు మాత్రమే చెప్పవలసి ఉన్నా, కన్నప్రేమ బలంవల్ల ఏడవకుండా ఉండలేకపోతున్నామని అతడు మిత్రునికి వ్రాసుకున్నాడు. విశ్వాసంవల్లనే రక్షణ అని యూరోపునంతా కదిలించినవాడి మాట అది. దానిని అవిశ్వాసమని ఎవరనగలరు?

మరొకడు డీట్రిక్ బోన్‌హోఫర్. హిట్లరు ప్రభుత్వం అతనిని 1943 ఏప్రిల్‌లో నిర్బంధించింది. ఆ ఏడు క్రిస్మస్ వేళ చెరసాలనుండి వ్రాసిన ఉత్తరంలో అతడు ఎడబాటు గురించి ఒక మాటన్నాడు. ప్రియమైనవారు లేని ఖాళీని ఏదీ పూడ్చలేదు, దేవుడు పూడుస్తాడనడం కూడా సరికాదు, దేవుడు దానిని ఖాళీగానే నిలిపి ఉంచుతాడు, ఆ బాధలోనే వారితో మన సంబంధం నిలిచి ఉంటుందని దాని సారాంశం. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో అతనిని ఉరితీశారు. వయసు 39. అతడు ప్రార్థించి ఎంతో ప్రశాంతంగా మరణించాడని ఆ శిబిర వైద్యుడు చాలా ఏళ్ళ తరువాత వ్రాసిన కథనం ప్రసంగాలలో తరచు వినబడుతుంది. ఆ కథనాన్ని తరువాతి చరిత్రకారులు గట్టిగా సందేహించారు. సందేహించినందువల్ల నాకు పోయినదేమీ లేదు. అతని ఆశ నిజమవడానికి అతని చావు అందంగా ఉండవలసిన అవసరం లేదు.

మన ఇళ్ళలో జరిగే నష్టం ఇక్కడే ఉంది. జబ్బు ముదిరిన మనిషి "నేనిక బతకనేమో" అనగానే చుట్టూ ఉన్నవారు నోరు మూయిస్తారు. అది అవిశ్వాసపు మాట అంటారు. స్వస్థత వచ్చేసిందని నోటితో ఒప్పుకొమ్మంటారు. కొందరు బోధకులైతే బాగుపడకపోవడానికి రోగి విశ్వాసలోపమే కారణమని మొగంమీదనే చెబుతారు. దానితో ఆ మనిషి అప్పులూ ఆస్తులూ అప్పగించలేడు, తగవుపడిన అన్నను పిలిపించుకోలేడు, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పవలసినది చెప్పలేడు. చావబోతున్నానన్న సంగతిని అందరికన్నా బాగా ఎరిగినవాడు, ఆ ఒక్క సంగతినీ ఎవరితోనూ చెప్పుకోలేక పోతాడు. పోయిన తరువాత భార్యకు మిగిలేది "నేను ఇంకా గట్టిగా ప్రార్థించి ఉంటే" అన్న నేరభావం.

స్వస్థతకోసం ప్రార్థించవద్దని నేననను. అడగడం బిడ్డల హక్కు. కాని పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని తిమోతికి వ్రాశాడు. ఎవరి విశ్వాసం తక్కువైందని నిందించలేదు. యేసు బాగుచేసినవారందరూ, లేపినవారితో సహా, ఏదో ఒకనాడు చనిపోయినవారే. స్వస్థత ఒక వాయిదా మాత్రమే. దానినే నిరీక్షణ అనుకుంటే, ఆ వాయిదా దొరకనివారికి సంఘం చెప్పడానికి ఏమీ మిగలదు. నిరీక్షణ అవసరమయ్యేది సరిగ్గా అక్కడే కదా!

ఇదంతా చావుభయంతో అల్లుకున్న ఓదార్పు కథ అనే మిత్రులు ఉంటారు. వారికి నా సమాధానం చిన్నది. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమని, మనకన్నా దౌర్భాగ్యులు ఉండరని అన్నది పౌలే. కేవలం ఓదార్చదలచినవాడు తన మాటను అంత ప్రమాదంలో పెట్టడు. నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. నేను నమ్ముతున్నాను. నమ్మినందువల్ల చావు చిన్నదైపోలేదు. దానిని దాని పేరుతో పిలిచే ధైర్యం మాత్రం వచ్చింది.

కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన మొదటినుండి చివరిదాకా మొరగానే సాగి, చీకటి దగ్గర ముగుస్తుంది. ఓదార్పుగా ఒక్క చరణమైనా చివర చేర్చకుండా దానిని ప్రార్థనలలో ఉంచారు పెద్దలు. మరణశయ్య దగ్గర ఆ కీర్తన చదవడానికీ, "నాకు భయంగా ఉంది" అన్న మాట వినడానికీ మన సంఘాలు నేర్చుకోవాలి. గెత్సేమనేలో యేసు తన శిష్యులను తన భయం పోగొట్టమని అడగలేదు. తనతో కూడ మెలకువగా ఉండమని మాత్రమే అడిగాడు. వారు నిద్రపోయారు. మన ఇళ్ళలో చావుకు దగ్గరైనవారు మనలనూ అంతే అడుగుతారు.